మిర్యాలగూడ బడి నుంచి సముద్రానికి ఏం చేయగలం?

ప్రశ్న: "సార్, మిర్యాలగూడ దగ్గర జడ్పీ హైస్కూల్లో సైన్సు చెబుతాను. మా పిల్లల్లో చాలామంది సముద్రం చూడలేదు. పాఠంలో సముద్ర కాలుష్యం, పగడపు దిబ్బలు వస్తే ఫోన్లో వీడియో చూపించి ఊరుకుంటున్నాను. మా పూర్వ విద్యార్థులు కొంత డబ్బు పోగుచేసి, సముద్ర సంరక్షణకు వాడమన్నారు. ఏ సంస్థకు పంపితే మంచిది? సముద్రం లేని జిల్లాలో ఉండి మేం ఇంకేమైనా చేయగలమా?"

సమాధానం:

అమ్మా, మీరు అడిగినవి రెండు. డబ్బు సంగతి చివర్లో చెబుతాను. రెండో ప్రశ్న తేలితే మొదటిది దానంతటదే తేలిపోతుంది. నాది దేవరకొండ దిక్కు. ఉద్యోగమంతా సముద్రపు కొలతలతోనే గడిచింది. కొంతకాలం ఓడల మీద, ఎక్కువకాలం హైదరాబాద్‌లో కంప్యూటర్ల ముందు. రిటైరయ్యాక మన దిక్కు బడులకు పోయి పిల్లలతో మాట్లాడుతున్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. మీరు ఇక్కడి నుంచి చేయగలిగింది చాలా ఉంది. అందులో కొంత పని ఒడ్డున ఉన్నవాళ్లకన్నా మీకే బాగా అందుతుంది.

దామరచర్ల దాటి వాడపల్లి పోండి. అగస్త్యేశ్వర స్వామి గుడి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ మధ్యగా పారి, ఆ నగరం మురుగు మోసుకుని, సోలిపేట ప్రాజెక్టు దగ్గర కొంత ఆగి, దారిలో పొలాలను తడిపి మీ దాకా వస్తుంది. అక్కడి నుంచి కృష్ణ పేరుతో పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి దివిసీమ చివర హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. హైదరాబాద్‌లో ఎవరో నాలాలో పడేసిన షాంపూ ప్యాకెట్టు సముద్రం చేరాలంటే మీ మండలం పక్క నుంచే పోవాలి. అందుకే పిల్లలకు సముద్రాన్ని పగడపు దిబ్బలతో, తిమింగలాలతో మొదలుపెట్టొద్దని నా సలహా. వాడపల్లితో మొదలుపెట్టండి.

మన నది వల్ల సముద్రానికి జరిగే నష్టం రెండు రకాలు. పోకూడనివి పోతున్నాయి, పోవాల్సినవి ఆగిపోతున్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే. మురుగు, ప్లాస్టిక్కు, పొలాల నుంచి కొట్టుకుపోయే యూరియా. యూరియాలోని నత్రజని నది నోటి దగ్గర నాచును విపరీతంగా పెంచుతుంది. ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. బంగాళాఖాతంలో కొద్ది లోతు దాటాక ఆక్సిజన్ ఇప్పటికే చాలా తక్కువ. అందుకే ఈ భారం అక్కడ ఇంకా గట్టిగా తగులుతుంది.

రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. నది సముద్రానికి నీళ్లతో పాటు ఒండ్రు తీసుకుపోవాలి. కృష్ణా డెల్టా మొత్తం వేల ఏళ్లుగా ఈ ఒండ్రు పేరుకుని తయారైన నేలే. నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు, తర్వాత శ్రీశైలం వచ్చింది, ఎగువ రాష్ట్రాల్లో ఆనకట్టలు లేచాయి. ఒండ్రు వీటి వెనకే దిగబడిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకుల లెక్క ప్రకారం 1960ల చివర్లో కృష్ణ ఏటా 90 లక్షల టన్నుల ఒండ్రు డెల్టాకు తెచ్చేది. 2000 తర్వాతి ఏళ్లలో అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. పైనుంచి మట్టి రాదు, అల మాత్రం కోస్తూనే ఉంటుంది. ఫలితంగా డెల్టా అంచు చాలాచోట్ల వెనక్కి జరుగుతోంది, మడ అడవులు నేల కోల్పోతున్నాయి. వానలు తక్కువైన ఏళ్లలో బ్యారేజీ దిగువకు నీళ్లే పెద్దగా పోవు, అప్పుడు ఉప్పునీళ్లు డెల్టా లోపలికి వస్తాయి.

ఇది చెప్పినప్పుడు పిల్లలు తప్పకుండా "అయితే సాగర్ కట్టడం తప్పా సార్?" అని అడుగుతారు. నన్ను ప్రతి బడిలో అడిగారు. సాగర్ లేకపోతే మీ దగ్గర వరి లేదు, రైస్ మిల్లులు లేవు, ఆ పిల్లల్లో చాలామంది ఇంట్లో అన్నమే కష్టం. తప్పొప్పుల తీర్పు అడగొద్దని, ఒకచోట లాభం తీసుకుంటే ఇంకోచోట లెక్క రాసుకోవాలని చెబుతాను. ఆ లెక్క రాసే పనికే శాస్త్రం కావాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ మాట బాగానే అర్థమవుతుంది.

చేపలకూ రొయ్యలకూ ఆనకట్టే అడ్డం. నీలకంఠ రొయ్య పెరిగేది మంచినీళ్లలో, కానీ దాని పిల్లలు బతకాలంటే కొద్దిగా ఉప్పున్న నీళ్లు కావాలి. తల్లి గుడ్లతో కిందికి దిగాలి, పిల్లలు పైకి ఎక్కి రావాలి. మలుగు ఇంకా విచిత్రం. ఏళ్ల తరబడి నదిలో బతికి, గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది. వీటికి ఆనకట్ట అంటే దారి మూసుకుపోవడమే. సాగర్ వెనక జలాల మీద నేరెడుగొమ్ము దగ్గర వైజాగ్ కాలనీ ఉంది కదా. అక్కడి మత్స్యకారుల కుటుంబాలు విశాఖ తీరం నుంచి వచ్చి స్థిరపడినవే. ఆ పెద్దవాళ్లలో ఒకరిని మీ బడికి పిలవండి. సముద్రంలో వేసే వలకూ సాగర్‌లో వేసే వలకూ తేడా ఏమిటో, అక్కడి గాలి ఎలా చదివేవారో చెప్పమనండి. నాలాంటి వాడి ఉపన్యాసంకన్నా అది పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది.

సముద్రం నుంచి మన దగ్గరికి వచ్చేది వాన. పాలమూరు పడమటి కనుమల చాటున పడిపోయిన జిల్లా, నల్గొండకు కూడా నైరుతి అరకొరగానే అందుతుంది. అందువల్ల బంగాళాఖాతంలో లేచే అల్పపీడనాల మీద మనం ఎంతో ఆధారపడి ఉన్నాం. 2020 అక్టోబరులో కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం తెలంగాణ మీదుగా పోతూ హైదరాబాద్‌ను ఎలా ముంచిందో పిల్లలకు గుర్తుండకపోవచ్చు, వాళ్ల తల్లిదండ్రులకు గుర్తుంటుంది. పసిఫిక్ సముద్రం వేడెక్కి ఎల్‌నినో వచ్చిన 2015లో కరువు మండలాల జాబితా ఎంత పొడుగుందో మన రైతులను అడిగితే చెబుతారు. జూన్‌లో పత్తి విత్తనం ఎప్పుడు పెట్టాలా అని ఆకాశం చూసే రైతుకు సముద్రపు వేడి ఎంతో తెలియడం అవసరం.

ఆ వేడిని కొలిచే పని ఎక్కడ జరుగుతుందో పిల్లలకు చెప్పండి, నోరు తెరుస్తారు. సముద్రం లేని హైదరాబాద్‌లో, ప్రగతినగర్ దగ్గర. ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం 1999 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. 2004 డిసెంబరు సునామీ తర్వాత దేశానికి సునామీ హెచ్చరిక కేంద్రం కావాలనుకున్నప్పుడు పెట్టింది కూడా అక్కడే, 2007లో. సముద్రం అడుగున నీటి బరువులో వచ్చే మార్పును పరికరం పసిగట్టి, పైన తేలే బోయాకు పంపితే, బోయా ఉపగ్రహానికి, ఉపగ్రహం హైదరాబాద్‌కు పంపుతుంది. చేపలు ఏ దిక్కున దొరకవచ్చో చెప్పే సలహాలు తెలుగులో సహా తీర భాషల్లో వెళ్లేది కూడా ఇక్కడి నుంచే. పైనీటి వేడి, నీటిలో నాచు రంగు ఉపగ్రహం నుంచి చూసి, చల్లనీరు వెచ్చనీరు కలిసే గీత ఎక్కడుందో పట్టుకుంటారు. అక్కడ మేత ఉంటుంది, మేత దగ్గరికి చేప వస్తుంది. వెతుకులాట తగ్గితే పడవకు డీజిల్ మిగులుతుంది.

సముద్రపు వేడిని కొలిచే ఆర్గో తేలుడు పరికరం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పిల్లలు ఎక్కువ ప్రశ్నలు అడిగేది దీని గురించే. మనిషెత్తు గొట్టం, పైన ఏంటెన్నా. ఓడ నుంచి నీళ్లలోకి దించితే వెయ్యి మీటర్ల లోతుకు దిగి, ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ ఉంటుంది. పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కడి నుంచి మెల్లగా పైకి వస్తూ దారి పొడుగునా వేడి, ఉప్పు, లోతు రాసుకుంటుంది. పైకి తేలి ఆ అంకెలను ఉపగ్రహానికి పంపి మళ్లీ మునుగుతుంది. ముందుకు నడిపే మోటారు లేదు, ప్రొపెల్లర్ లేదు. లోపలి నూనెను బయటున్న రబ్బరు సంచిలోకి పంపు చేస్తే పరికరం ఘనపరిమాణం పెరిగి తేలుతుంది, వెనక్కి లాగితే మునుగుతుంది. మీరు చెప్పే ఆర్కిమెడిస్ సూత్రమే. నాలుగైదేళ్లు ఇలా పనిచేసి బ్యాటరీ అయిపోయాక ఆగిపోతుంది. ప్రపంచ సముద్రాల్లో ఇలాంటివి నాలుగు వేల దాకా ఉన్నాయి. వాటి కొలతలన్నీ ఎవరికైనా ఉచితం. హిందూ మహాసముద్రం కొలతలు ఇన్‌కాయిస్ వెబ్‌సైటులో దొరుకుతాయి. మీ కంప్యూటర్ ల్యాబ్‌లో బంగాళాఖాతంలోని ఒక పరికరాన్ని ఎంచుకుని, అది ఎటు పోతోందో గోడ మీది మ్యాపులో పిల్లల చేత గుర్తు పెట్టించండి. రుతుపవనాల ముందస్తు అంచనాకు వాడే నమూనాల్లోకి ఈ అంకెలే పోతాయి.

ఇక మీ తరగతి గది. మీ బడిలో నేల మీద తాండూరు నాపరాయి ఉంటే చాలు, అది సముద్రపు అడుగే. భీమా లోయలో లోతు తక్కువైన సముద్రంలో సున్నపు బురద పొరలు పొరలుగా దిగి గట్టిపడిన రాయి అది. మీ వాడపల్లి, హుజూర్‌నగర్ దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయి కూడా అలాంటి పాత సముద్రంలో ఏర్పడిందే. డైనోసార్లకన్నా, చేపలకన్నా కూడా ముందటిది, అందుకే అందులో చేపముల్లు కోసం వెతికినా దొరకదు. ల్యాబ్‌లోని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేసి దగ్గరగా చూడమనండి, సన్నగా బుడగలు లేస్తాయి. ఆ బుడగ కార్బన్ డయాక్సైడ్. కోట్ల ఏళ్ల కిందట ఆ సముద్రం దాచుకున్న వాయువు మీ పిల్లల కళ్ల ముందు బయటికి వస్తోంది.

అక్కడి నుంచి సముద్రం ఆమ్లమయం కావడం అనే పాఠానికి నేరుగా పోవచ్చు. మనుషులు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటుంది. పరిశ్రమల యుగం మొదలయ్యాక సముద్రపు పైనీటి పీహెచ్ 8.2 నుంచి 8.1కి దిగింది. ఒక దశాంశమే కదా అనిపిస్తుంది. పీహెచ్ లాగరిథమ్ లెక్క కాబట్టి అది ఆమ్లత్వంలో దాదాపు 30 శాతం పెరుగుదల. సున్నపు తేటలో ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే గులాబీ రంగు వస్తుంది. స్ట్రాతో ఊదమనండి. ముందు తెల్లబడుతుంది, ఇంకా ఊదితే గులాబీ రంగు పోతుంది. పీల్చకుండా ఊదాలని మాత్రం ముందే గట్టిగా చెప్పండి. గవ్వ, పగడం, ఆల్చిప్ప ఒంటి మీద కట్టుకునేది సున్నమే కాబట్టి, నీళ్లు అటు జరిగితే వాటికి ఇల్లు కట్టుకోవడం కష్టమవుతుంది.

ఇంకో ప్రయోగం, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. లీటరు నీళ్లలో 35 గ్రాముల కల్లుప్పు కలిపితే మీకు సముద్రపు నీళ్లు వచ్చినట్టే. నీలం ఇంకు చుక్క వేసి గాజు గ్లాసులో సగం దాకా పోయండి. దాని మీద గరిటె వెనక భాగం ఆనించి మామూలు నీళ్లను మెల్లగా జారవిడవండి. రెండు పొరలుగా నిలబడతాయి. ఇప్పుడు పైన అడ్డంగా ఊదితే పై పొర మాత్రమే కదులుతుంది. బంగాళాఖాతం సరిగ్గా ఇలాగే ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరి, కృష్ణ తెచ్చిన మంచినీళ్లు పైన పలచటి పొరగా పరుచుకుంటాయి. తుపాను గాలి కొట్టినా కిందున్న చల్లటి నీళ్లు అంత తేలిగ్గా పైకి రాలేవు. పైపొర వేడిగానే ఉండి తుపానుకు బలమిస్తూ ఉంటుంది. అరేబియా సముద్రంకన్నా బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువ ఎందుకు అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ గ్లాసులో కనిపిస్తుంది.

నీళ్ల పరీక్ష నల్గొండ పిల్లలకు కొత్త కాదు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ 'నల్గొండ టెక్నిక్' అని మన జిల్లా పేరే పెట్టింది. టీడీఎస్ అంటే, నీళ్లలో కరిగిన లవణాల లెక్క అంటే, ఏమిటో మన దిక్కు ప్రతి ఇంట్లో తెలుసు. ఆ పెన్ను మీటరే మీ మొదటి సముద్ర పరికరం. తాగునీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదంటాం, సముద్రంలో సుమారు 35,000 ఉంటుంది. మామూలు పెన్ను అంత చూపించలేదు, కాబట్టి సముద్రపు నీళ్లను పదింతలు పలచన చేసి కొలిచి పదితో గుణించాలి.

ఇప్పుడు అసలు పని. వాడపల్లి దగ్గర మూడు చోట్ల ఎంచుకోండి: కలవకముందు మూసీ, కలవకముందు కృష్ణ, కలిశాక కొంత దిగువ. నెలకోసారి, అదే వారం, అదే గంటకు కొలవండి. నీటి వేడి, టీడీఎస్, పీహెచ్, నైట్రేట్ పట్టీతో నత్రజని, నీటి తేట. తేట కొలవడానికి ఇటలీలో సెకీ అనే పాదిరి 1865లో వాడిన పద్ధతి ఇప్పటికీ ఓడల మీద వాడుతున్నాం. ఒక తెల్లటి పళ్లేన్ని తాడుకు కట్టి దించుతూ, కనపడకుండా పోయిన చోట లోతు రాసుకోవడం. స్టీలు కంచానికి తెల్ల పెయింటు వేసి మధ్యలో రంధ్రం పెట్టి, కింద ఒక బరువు కట్టి, తాడుకు పది సెంటీమీటర్లకో ముడి వేయండి. సాగర్ వెనక జలాల్లో పడవ మీది నుంచి దించితే ఎంత లోతు దాకా కనిపిస్తుందో, మూసీలో ఎంతలో మాయమవుతుందో పిల్లలు ఒక్కసారి చూస్తే ఇక మీరు కాలుష్యం గురించి ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. నీళ్లలోకి ఏ పిల్లవాడూ దిగకూడదు, కృష్ణలో మొసళ్లు ఉన్నాయి. ఘాట్ మెట్ల మీద నుంచి బకెట్టు తాడుతోనే నీళ్లు తీయాలి, మూసీ నీళ్లు ముట్టుకునేవాళ్లకు గ్లవ్స్ ఉండాలి. ఒక్క నెల అంకెలకు విలువ లేదు. రెండేళ్లు ఆపకుండా రాస్తే, ఆ నోటుబుక్కును ఏ శాస్త్రవేత్త అయినా గౌరవంగా తెరుస్తాడు. మహాత్మాగాంధీ యూనివర్సిటీ మీ జిల్లాలోనే ఉంది. అక్కడి కెమిస్ట్రీ వాళ్లను అడిగి ఏడాదికోసారి మీ అంకెలను వాళ్ల పరికరంతో సరిచూపించుకోండి.

ప్లాస్టిక్కు విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. జూన్‌లో బీచ్‌కి పోయి గ్లవ్స్ వేసుకుని ఫొటో దిగడానికి పెట్టే ఖర్చుతో, మన దగ్గర వాగుకు అడ్డంగా ఒక పాత వల కట్టవచ్చు. ఏడాదంతా కాలువల్లో పేరుకున్న చెత్త జూన్, జులైలో పడే మొదటి పెద్దవానకే కదిలి పోతుంది. ఊరి మురుగు కాలువ వాగులో కలిసే చోట, పంచాయతీ అనుమతితో, గంగపుత్రుల దగ్గర పనికిరాని వల తీసుకుని మే చివర్లోనే కట్టించండి. వరద ఎక్కువైతే విప్పేయడానికి ఒక పెద్దమనిషి ఉండాలి. ఆగిన చెత్తను రకాలుగా విడదీసి లెక్క రాయండి: గుట్కా కవర్లు, షాంపూ ప్యాకెట్లు, ఎరువుల సంచులు, చెప్పులు. పురుగుమందు డబ్బాలను మాత్రం పిల్లలు ముట్టుకోకూడదు, పెద్దవాళ్లే తీయాలి. ఆ లెక్క గ్రామసభలో పిల్లలే చదివితే దాని బలం వేరు.

తిండి గురించి ఒక మాట. మన దిక్కు తినేది ఎక్కువగా చెరువు చేప: బొచ్చె, రవ్వు, కొర్రమీను. కాబట్టి సముద్రపు చేప తినడం మానేయమని మన పిల్లలకు చెప్పడంలో అర్థం లేదు. కానీ కోళ్ల దాణాలోనూ చేపల మేతలోనూ కలిపే చేపపొడి చాలావరకు సముద్రం నుంచి వస్తుంది. సముద్రంలో ఈడ్చుకుపోయే ట్రాల్ వలల్లో అడ్డదిడ్డంగా పడిన, ఇంకా ఎదగని చిన్న చేపలు అందులోకి పోతాయి. నిజాంపట్నం హార్బరుకు ఒక బడి పిల్లలతో పోయినప్పుడు సిమెంటు గచ్చు మీద రెండు కుప్పలు చూశాం. చిన్నకుప్పలో చందువాలు, వంజరాలు, రొయ్యలు, చుట్టూ బేరాలు. పెద్దకుప్పలో వేలెడంత సావడాయి పిల్లలు, పీతపిల్లలు, ఒక నక్షత్రచేప, పేరు తెలియని మెత్తటి జీవులు, అన్నీ బురద రంగులో. ఒకాయన వాటిని పారతో ఎత్తి ట్రాక్టరులో పోస్తున్నాడు. ఒక అమ్మాయి కూర్చుని ఆ కుప్పలో రకాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, బస్సు హారన్ కొట్టినా లేవలేదు. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట నిషేధం ఎందుకు పెట్టారో ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

అందుకే విహారయాత్రకు ఈసారి ఇటు పోండి. హైదరాబాద్ దిక్కు నుంచి రేపల్లె పోయే డెల్టా రైలు నల్గొండ, మిర్యాలగూడ మీదుగానే పోతుంది. రేపల్లె నుంచి నిజాంపట్నం హార్బరు దగ్గరే. మర్నాడు పెనుమూడి వారధి మీద కృష్ణ దాటి అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి చేరవచ్చు. సాగర సంగమం దగ్గర టీడీఎస్ పెన్ను తీసి, నది వైపు నుంచి సముద్రం వైపు నడుస్తూ కొలవమనండి. వాడపల్లిలో కొలిచిన పిల్లలకు ఆ అంకెలు ఎక్కడ పెరుగుతాయో చూడడం పండగలా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. తుపాన్ల కాలం పోయి ఉంటుంది, పడవలు తిరుగుతుంటాయి, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు కూడా అవే. ఒక్కో తల్లి ఇసుకలో గుంట తీసి వంద పైన గుడ్లు పెట్టి పోతుంది. నలభై అయిదు, యాభై రోజుల్లో పిల్లలవుతాయి. గుడ్లున్న ఇసుక ఎంత వెచ్చగా ఉందో దాన్నిబట్టి అవి ఆడవా మగవా అన్నది తేలుతుంది. కృష్ణా, బాపట్ల తీరాల్లో గుడ్లు పొదిగించే అటవీశాఖ హేచరీలు ఉన్నాయి, ముందుగా రేంజ్ ఆఫీసుకు లెటర్ రాసి అనుమతి తీసుకోండి. అలల్లోకి పిల్లలను దించొద్దు. మన పిల్లలకు చెరువు ఈత వస్తుంది కానీ వెనక్కి లాగే ప్రవాహం తెలియదు.

చదువుల సంగతి తల్లిదండ్రులు అడుగుతారు. బైపీసీ పిల్లలకు మన పెబ్బేరులోనే ఫిషరీస్ కాలేజీ ఉంది, ఎప్‌సెట్ ర్యాంకుతో సీటు. డిగ్రీ తర్వాత సముద్ర శాస్త్రానికి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కొచ్చిలో కుసాట్, గోవా యూనివర్సిటీ మంచివి. ఇంజినీరింగ్ వాళ్లకు కూడా తలుపు తెరిచే ఉంది. ముగ్గురిని ఆరు వేల మీటర్ల లోతుకు తీసుకుపోయే మత్స్య 6000 అనే వాహనాన్ని చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ తయారు చేస్తోంది. ఆ పనికి వెల్డింగ్ తెలిసినవాళ్లు, ఎలక్ట్రానిక్స్ వాళ్లు, ప్రోగ్రామర్లు అందరూ కావాలి. లెక్కలు బాగా వచ్చే పిల్ల సముద్రం చూడకపోయినా సముద్ర శాస్త్రంలో రాణించగలదు. నాతో పనిచేసిన మంచివాళ్లలో చాలామంది మనలాంటి ఎండ జిల్లాల వాళ్లే.

ఇక డబ్బు. మొదటి భాగం కొలతల కిట్‌కు పెట్టండి, అది పెద్ద ఖర్చు కాదు. రెండేళ్లకు సరిపడా పట్టీలు, ద్రావణాలు ఒకేసారి కొనొద్దు, గడువు దాటిపోతాయి. పెద్ద భాగం యాత్రకు ఉంచండి. ఇంట్లో ఇచ్చుకోలేని పిల్లలు ఆగిపోకూడదు, ముఖ్యంగా ఆడపిల్లలు. తోడుగా ఇద్దరు తల్లులను తీసుకుపోతే ఇళ్లలో ఒప్పుకుంటారు. ఇంకా మిగిలితే అప్పుడు సంస్థల సంగతి చూడండి. ఇన్‌కాయిస్‌లాంటి ప్రభుత్వ సంస్థలకు మీ చందా అక్కర్లేదు. వాళ్లకు ముందుగా లెటర్ రాసి పిల్లలను తీసుకుపోతే చాలు. తాబేళ్ల కోసం చెన్నైలో 1988 నుంచి రాత్రిళ్లు తీరం వెంబడి నడుస్తున్న విద్యార్థుల బృందం ఎస్ఎస్‌టీసీఎన్ ఉంది. 2002లో మొదలైన ట్రీ ఫౌండేషన్ తమిళనాడు, ఆంధ్ర తీర గ్రామాల యువకులతోనే కాపలా పని చేయిస్తుంది. తీరంలో పుట్టినవాడికి జీతమిచ్చి కాపలా పెట్టే పద్ధతి మీద నాకు నమ్మకం ఉంది. వాడి పడవ వాళ్లు వాడి మాట వింటారు, బయటివాళ్ల మాట వినరు. ఎవరికి ఇచ్చినా చందాకు పన్ను మినహాయింపునిచ్చే 80జీ పత్రం, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ నమోదైన దర్పణ్ నంబరు, ఆడిట్ అయిన వార్షిక లెక్కలు అడగండి. అడిగితే నొచ్చుకునే సంస్థకు ఇవ్వొద్దు.

మడ మొక్కలు నాటిస్తామని వచ్చేవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. మడచెట్టుకు రోజూ ఆటుపోటు నీళ్లు వచ్చి పోవాలి. ఆ రాకపోకలు లేనిచోట లక్ష మొక్కలు నాటినా ఎండిపోతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో బాగా నిలిచిన చోట్ల ముందు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటునీళ్లు లోపలికి వచ్చేట్టు చేశారు, ఆ తర్వాతే మొక్క పెట్టారు. ఎన్ని నాటారని అడగకండి, మూడేళ్ల తర్వాత ఎన్ని బతికున్నాయని అడగండి.

మొదటి కొలత వేసవి సెలవులకు ముందే, ఏప్రిల్‌లో తీసేయండి. వానలు మొదలయ్యాక తీస్తే మొదటి వరద ఏం మార్చిందో పోల్చుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. సెకీ పళ్లేనికి సాగని తాడు వాడండి, నైలాన్ తాడు తడిస్తే సాగి ముడుల లెక్క తప్పుతుంది. నైట్రేట్ పట్టీల రంగును నీడలో, ప్రతిసారీ అదే ఇద్దరు పిల్లలు చదివేలా చూడండి. మొదటి మూడు నెలల అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.